రెండు స్ఫటికము లొక్కటి యగునా?

విద్యార్థులారా! మన విజ్ఞానశాస్త్రపు గదిలో ఏటేట జరుగు చిన్న ప్రయోగ మొకటి మీలో ననేకులకు జ్ఞాపక ముండును. వేడినీటిలో పటికను కరగినంత వరకు కరగించి, ఆ ద్రావణము చల్లారిన పిదప గాజు గ్లాసులో పోసి, దారపు కొనకు చిన్న పటిక పలుకును కట్టి యందు వ్రేలాడదీయుదుము. గ్లాసును కదల్పకుండ నాలుగైదు దినము లుంచినచో ఆ పలుకు పెరిగి, నునుపైన ముఖములును, వాడియైన అంచులును గల స్ఫటిక మగును.

ఒక సంవత్సరము ఒక గ్లాసులో దారమునకు రెండు పలుకు లంటుకొని, రెండును పెరిగి, ఒకదాని ప్రక్కలోనికి మఱియొకటి వంకరగా దూరినట్లు తయారైనవి. పదవ తరగతి బాలిక యొకతె దానిని కిటికీ వెలుతురున కెత్తి చూచి, "మాస్టరుగారూ! ఈ రెండును కొన్నాళ్ల కైనను కలిసి యొక్కటి యగునా?" అని యడిగెను. మేము క్షణమైనను ఆలోచింపక, "కాదమ్మా! పరమాణువు వెంట పరమాణువు వచ్చి చేరుట చేతనే స్ఫటికము పెరుగును. రెండు స్ఫటికములు కలిసి యొక్క స్ఫటిక మగుట యెన్నడును లేదు" అని చెప్పితిమి. ఆ బాలిక తన నోటుపుస్తకమున నట్లే వ్రాసికొనెను.

తరువాత మేము చదివిన కొలదిని మా యుత్తరములో సగమే సత్యమని తెలియవచ్చెను. అప్పటి కా బాలిక చదువు ముగించి పాఠశాల విడిచిపోయెను. తరగతిలో వ్రాయించిన తప్పును తరగతిలోనే దిద్దు అవకాశము మాకు తప్పిపోయినది గావున, ఈ సంచికలో దిద్దుకొనుచున్నాము. ఈ పుట ఆమె కంటబడిన యెడల మా ఋణము కొంత తీరును.

మొదట స్ఫటిక మన నేమో తెలిసికొందము. మన ఆటస్థలమున డ్రిల్లునకు నిలిచిన బాలురను మేడమీదినుండి చూచితిరా? ఎటు చూచినను వరుసలే కనబడును. ముందువెనుకల దూర మొక్కటే. కుడియెడమల దూర మొక్కటే. ఉప్పులోను, కలకండలోను, పటికలోను పరమాణువు లిట్లే మూడు దిక్కులను వరుసలు తీరి నిలిచియున్నవి. 1912వ సంవత్సరమున జర్మనీ దేశస్థుడగు మాక్స్ ఫాన్ లావే సూచింపగా, ఆయన మిత్రులు ఎక్సు కిరణములను స్ఫటికముగుండ పంపి చూచిరి. వెనుక నుంచిన ఫొటోగ్రాఫు పలకమీద చుక్కలు క్రమముగా తీరి కనబడెను. పిమ్మట ఇంగ్లండులో బ్రాగ్ అను తండ్రికొడుకులు అట్టి చుక్కలను లెక్కించి, పరమాణువు లెట్లు నిలిచియున్నవో చెప్పగలిగిరి. నాటినుండి స్ఫటికములోని వరుసలు ఊహ గాక, కొలతకు వచ్చిన సత్యమైనవి.

ఇక పెరుగుట మాట. ద్రావణములో విడివిడిగా తిరుగు పరమాణువులు స్ఫటికపు ముఖమును తాకి, వరుసలో తమ కనువైన చోటు చూచుకొని నిలుచును. ఇదియే మేము బాలికకు చెప్పిన పద్ధతి. దీనితోపాటు మఱియొక విశేష మున్నది. ఒకే ద్రావణములో పెద్ద స్ఫటికములును, మిక్కిలి చిన్నవియు కలిసియున్నచో, చిన్నవి త్వరగా కరగిపోవును. ఆ కరగిన పదార్థము పెద్దవానికి చేరును. చిన్నవి తరుగుచుండ పెద్దవి పెరుగును. ఈ విషయమును పరిశీలించి వివరించిన వారిలో విల్హెల్మ్ ఆస్ట్వాల్డు ముఖ్యుడు. ఈయన 1909వ సంవత్సరమున రసాయనశాస్త్రమునందు నోబెల్ బహుమాన మందెను. చిరకాలము పాఠ్యపుస్తకములు ఈ రెండు మార్గములనే చెప్పెను. మేమును వానినే చదివితిమి.

అయితే పటికవలె నీట సులభముగా కరగని పదార్థములు పెక్కులున్నవి. లోహములు ప్రాణవాయువుతో కూడినపుడు ఏర్పడు ఆక్సైడులు వానిలో ముఖ్యములు. ఇనుప మేకు తడిసిన పట్టు తుప్పు ఇనుప ఆక్సైడే. దానిలో నీటి యంశమును కలదు. గోడలకు పూయు తెల్లరంగులో టైటేనియము ఆక్సైడును, చర్మమునకు రాయు తెల్లని లేపనములలో జింకు ఆక్సైడును వాడుదురు. లోహలవణముల ద్రావణమునుండి ఇట్టి ఆక్సైడులను పుట్టించినపుడు, అవి మొదట మిక్కిలి చిన్న స్ఫటికములుగా నేర్పడును. వానిని కొలుచుటకు నానోమీటరు కావలెను. ఒక మీటరును నూరుకోట్ల భాగములు చేసిన నం దొక భాగము నానోమీటరు. మన తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. 5 నానోమీటర్ల సూక్ష్మస్ఫటికములను ప్రక్కప్రక్కల పేర్చినచో, ఒక్క వెండ్రుక అడ్డమునకు పదునాఱువేలు పట్టును.

ఇంత చిన్నదగుటచేత దాని స్వభావమున నొక మార్పు కలుగును. లెక్క వేసి చూడుడు. ఘనాకారపు చిన్న చెక్కముక్కలను వెడల్పు మూడు, పొడవు మూడు, ఎత్తు మూడుగా పేర్చిన మొత్తము 27 ముక్కలు. వానిలో లోపల దాగినది ఒక్కటియే. తక్కిన 26 బయటికి కనబడును. పదేసి చొప్పున పేర్చిన మొత్తము 1,000, బయటివి 488. నూఱేసి చొప్పున పేర్చిన మొత్తము పది లక్షలు. బయటివి 58,808 మాత్రమే, అనగా నూటికి ఆఱుకంటె తక్కువ. వస్తువు చిన్నదైనకొలది దాని పదార్థములో బయటి పాలు హెచ్చును. లోపలి పరమాణువునకు నలువైపుల తోడు కలదు; బయటిదానికి ఒక ప్రక్క తోడు లేదు. తోడు లేని పరమాణువులు శక్తిని నిలువ యుంచుకొని, దానిని తగ్గించుకొను మార్గము కలిగినపుడు ఆ మార్గమున పోవును.

ఇపుడు మూడేసి చొప్పున పేర్చిన గుట్టలు రెండింటిని తీసికొనుడు. ఒక్కొక్కదానికి బయట 54 చిన్న ముఖములు, రెండింటికి 108. ఒకదాని ప్రక్కను మఱియొకదానిని సరిగా అంటించినచో 90 మాత్రమే మిగులును. పదునెనిమిది ముఖములు లోపల దాగినవి. ఒక్క ముక్కయు కరగలేదు, ఒక్క ముక్కయు క్రొత్తగా రాలేదు. అయినను బయటి భాగము తగ్గినది. సూక్ష్మస్ఫటికములు కలియుటలో కలుగు లాభ మిదియే.

లాభ మున్నంత మాత్రమున కలియునా? అవి మొదట నొకదాని నొకటి చేరవలెను గదా! చేర్చునది నీరే. 1827వ సంవత్సరమున రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడినుండి వెలువడిన నలుసులను నీటిలో సూక్ష్మదర్శినితో చూచుచు, అవి యెడతెగక తత్తరపడుచుండుట కనిపెట్టెను. నీటి అణువులు అన్నివైపులనుండి నలుసును తాకుట చేత ఆ చలనము కలుగుచున్నదని 1905వ సంవత్సరమున ఐన్‌స్టీను లెక్కలతో వివరించెను. ఫ్రాన్సు దేశస్థుడగు జాన్ పెర్రిన్ దానిని ప్రయోగములచే స్థిరపరచెను. సూక్ష్మస్ఫటికములును ఇట్లే త్రోయబడుచు, తిరుగుచు, ఒకదానికొకటి ఎదురుపడుచుండును.

ఎదురుపడినను వెంటనే అంటుకొనవు. నీటిలో ఆమ్లము హెచ్చుగా నున్నపుడు ఆక్సైడు రేణువు పైభాగము ధనవిద్యుత్తును, క్షారము హెచ్చుగా నున్నపుడు ఋణవిద్యుత్తును పొందును. అన్ని రేణువులకు ఒకే జాతి విద్యుత్తు కలిగినపుడు అవి యొకదాని నొకటి దూరముగా నెట్టుకొనును. ఆ విద్యుత్తు తగ్గినపుడు, సహజముగా పదార్థముల నడుమ నుండు ఆకర్షణ గెలిచి, రేణువులు దగ్గరకు వచ్చును. అప్పుడు గుంపుగూడుట జరుగును.

తల్లిదండ్రులకును ఇది క్రొత్త సంగతి కాదు. వరదకాలమున మురికి నీటిని తేర్చుటకు మన పెద్దలు కుండలోపల చిల్లగింజ అరగదీసి కలుపుదురు. లేదా పటికముక్కను త్రిప్పుదురు. పటిక కలిపినపుడు బురద రేణువుల విద్యుత్తు అణగి, అవి గుంపులుగా కూడి అడుగునకు దిగును. అయితే ఈ గుంపులో క్రమము లేదు. తిరునాళ్లలో జనము క్రిక్కిరిసినట్లు, ఎవరి మొగ మెటున్నదో చూడక నిలిచిన సమూహ మది. అంటుకొనుట వేఱు, ఒక్కటి యగుట వేఱు. మా బాలిక ప్రశ్న యీ రెండవదానిని గూర్చినది.

దానికి సమాధానము అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునుండి వచ్చెను. పెన్, బాన్‌ఫీల్డు అను నిరువురు శాస్త్రజ్ఞులు టైటేనియము ఆక్సైడు సూక్ష్మస్ఫటికములను మూసిన పాత్రలో నీటితో కాచి, తరువాత వానిని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, 1998వ సంవత్సరమున తమ పరిశోధనను ప్రకటించిరి. ఆ చిత్రములలో చిన్న స్ఫటికములు పూసలవలె గ్రుచ్చుకొని యుండెను. వెలుపలి అంచు ఎగుడుదిగుడుగా నుండుట చేత ఏ పూసకా పూస గుర్తుపట్టవచ్చును. కాని లోపలి పరమాణువుల వరుసలు మొదటి పూసనుండి కడపటి పూసవరకు తెగక సాగిపోయెను. బయటికి చూడ అనేకము. లోన చూడ నొక్కటి. రెండు స్ఫటికములు తమ ముఖములను, దిక్కులను సరిపోల్చుకొని కలియుట చేత నిది జరిగినదని వారు నిర్ణయించిరి. దీనిని మనము దిశానుగుణ సంధాన మని పిలువవచ్చును.

ఇది టైటేనియము ఆక్సైడునకు మాత్రమే చెల్లు విశేషము కాదు. జర్మనీలోని హాంబర్గు నగరమున పాచోల్స్కీ, కార్నోవ్స్కీ, వెల్లర్ అను వారు సుమారు 5 నానోమీటర్ల జింకు ఆక్సైడు రేణువులను ద్రావణములో చిక్కపరచి కాచగా, గుండ్రని రేణువులు వరుసగా నంటుకొని పొడవైన కడ్డీలుగా మారెను. ఈ ఫలితము 2002వ సంవత్సరమున వెలువడెను. కడ్డీ పొడవునకు పోవు దిక్కు ప్రతి రేణువులోను ఒక్కటే. ఎవరును పటకారుతో పట్టి పేర్చలేదు; త్రాడు కట్టి లాగలేదు. ముఖములన్నియు సమానములు గావు గనుక, ఏ ముఖము కలిసిన శక్తి యెక్కువగా తగ్గునో ఆ ముఖముననే కలయిక సాగెను.

ఇంత విన్న పిదప మీలో తెలివిగలవా రొక ఆక్షేపణ తెచ్చుట న్యాయము. "కలిసిన తరువాతి చిత్రములు చూపితిరి. కలియుచుండగా చూచినవా రున్నారా?" అని యడుగవచ్చును. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో గాలి తీసివేయవలెను. అందు నీరు పెట్టిన ఆవిరియై పోవును. కావున చాలకాలము ద్రావణమును ఎండబెట్టి, మిగిలిన పొడిని చూచుటయే జరిగెను. పిదప మిక్కిలి పలుచని రెండు కిటికీల నడుమ ద్రవమును మూసియుంచు చిన్న పాత్రలను కల్పించిరి. 2012వ సంవత్సరమున అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో లీ, డి యోరియో మొదలగువారు అట్టి పాత్రలో ఇనుప ఆక్సైడు రేణువులను కంటికెదుట చూచి ప్రకటించిరి.

వారు చూచిన దిది. రెండు రేణువులు దగ్గరగా వచ్చును. వచ్చి యూరకుండవు, తిరుగుచుండును. ఒక కోణమున తాకి విడిపోవును. మఱియొక కోణమున తాకి మరల విడిపోవును. ఇట్లు తిరిగి తిరిగి, ఒకదాని వరుసలు మఱియొకదాని వరుసలకు సరిగా ఎదురైన క్షణమున, ఒక నానోమీటరుకంటె తక్కువ యెడమును ఒక్క దుముకులో దాటి యతుకుకొనును. అతికినచోట నడుము సన్నముగా నుండును. అప్పు డా సందులో పరమాణువులు ఒక్కొక్కటిగా వచ్చి చేరి నడుమును పూడ్చును. విద్యార్థులారా, గమనింపుడు! మేము చెప్పిన పాతమార్గ మసత్యము కాలేదు. క్రొత్తమార్గమున కలిసినదానిని పాతమార్గమే పూర్తిచేయుచున్నది. మా తప్పు "పరమాణువు వెంట పరమాణువు" అనుటలో లేదు. "ఎన్నడును లేదు" అనుటలో నున్నది.

ప్రతి కలయికయు నిర్దోషముగా జరుగదు. కొన్నిచోట్ల రేణువులు కొద్దిపాటి వంకరతోనే అతుకుకొనును. అప్పుడు వరుసలలో ఒకటి నడుమ నాగిపోయియో, ఒక మెట్టు జరిగియో యుండును. ఇట్టి లోపములు స్ఫటికములలో ఎట్లు పుట్టుననునది చిరకాలపు ప్రశ్న. లోపము లేని చిన్నస్ఫటికములే వంకరగా కలియుట చేత లోపముగల పెద్దస్ఫటిక మేర్పడునని పెన్, బాన్‌ఫీల్డు తమ 1998వ సంవత్సరపు వ్యాసమున చూపిరి. అయితే లోపమును చెరుపు అని మాత్రమే యెంచరాదు. ముఖమున మెట్టువంటి లోపమున్నచోట వచ్చి చేరు పరమాణువులకు నిలుచు తావు సులభముగా దొరకును గనుక, స్ఫటిక మచ్చట సుడివలె పెరుగునని ఫ్రాంక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1949వ సంవత్సరముననే వివరించియుండెను.

ప్రయోగశాల వెలుపలను ఈ కార్యము జరుగుచున్నది. విస్కాన్సిన్ రాష్ట్రమున నీటితో నిండిన పాతగని యొకటి కలదు. అందలి సూక్ష్మజీవులు నీటిలోని ఇనుమును ప్రాణవాయువుతో కూర్చుట చేత రెండు మూడు నానోమీటర్ల రేణువులు పుట్టుచుండెను. అవియు దిక్కులు సరిచూచుకొని కలియుట చేత పెద్దవగుచున్నవని బాన్‌ఫీల్డును సహాధ్యాయులును 2000వ సంవత్సరమున తెలిపిరి. మనుష్యుడు చూడకమునుపే చీకటిగనిలో నీ పని సాగుచుండెను.

ఇది తెలిసికొనుటవలన మనకు ప్రయోజన మేమని తల్లిదండ్రు లడుగవచ్చును. త్రాగునీటి దృష్టాంత మొకటి చెప్పెదము. బెంగాలు ప్రాంతమున పెక్కు గ్రామముల బోరునీటిలో ఆర్సెనిక్ అను పాషాణధాతువు కలదు. రంగు లేదు, రుచి లేదు. ఏండ్ల తరబడి త్రాగినవారికి చర్మవ్యాధులును, పుండ్లును, కొందఱికి ప్రాణాపాయమును కలుగును. ఇనుప ఆక్సైడు ఈ విషమును తన పైభాగమున పట్టి యుంచగలదు. పైభాగ మెంత యెక్కువయో, పట్టు విష మంత యెక్కువ. కనుక రేణువులు చిన్నవిగా నున్నంతకాలమే పని చక్కగా జరుగును. కాని వానిని తమంత విడిచినచో నేమగును? కలిసి, పెరిగి, మఱియొక రూపమునకు మారి, పైభాగమును పోగొట్టుకొనును. మన లెక్కలోని పదునెనిమిది ముఖములు దాగినట్లే, విషమును పట్టవలసిన చోటులు లోపల దాగిపోవును.

ఇచ్చట కలయికను సాధించుట గాక, ఆపుట మేలు. మద్రాసు ఐ.ఐ.టి.లో ప్రదీప్ గారును ఆయన శిష్యులును ఈ పని చేసిరి. రొయ్యల, పీతల పెంకులనుండి లభించు కైటోసాన్ అను పదార్థపు అల్లికలో ఇనుప ఆక్సైడు సూక్ష్మరేణువులను ఇమిడ్చి, అవి కలిసి పెరుగకుండ నిలిపి, ఆర్సెనికును తొలగించు వడపోత పదార్థమును తయారుచేసిరి. 2017వ సంవత్సరమున వా రా వివరములు ప్రకటించిరి. మన కోస్తాతీరమున పెంటలో పారవేయు రొయ్యపెంకువంటి దానికి ఇట్టి యుపయోగ మున్నదని వినుటకే ముచ్చటగా నుండును. రేణువు లెట్లు కలియునో యెఱిగినవారికే వానిని కలియకుండ నిలుపుటయు సాధ్య మగును.

ఇక ఆ బాలిక ప్రశ్నకు వత్తుము. అమ్మా! నీవు చేత పట్టుకొన్న ఆ రెండు పటిక స్ఫటికములు ఒక్కటి కాకపోవుట నిజమే. అవి గోరంత పెద్దవై, దారమునకు బిగిసి, కదలలేని స్థితిలో నొకదాని నొకటి తాకినవి. నీటి అణువుల తాకిడి అంతటి బరువును త్రిప్పజాలదు. వరుసలు సరిపోల్చుకొను నవకాశము వానికి లేకపోయెను. కావున వాని నడుమ గీత నిలిచిపోయినది. అవియే కొన్ని నానోమీటర్ల పరిమాణమున, కరగని జాతివై, తిరుగుటకు వీలు గలవై యున్నచో కలిసి యొక్కటి యగుట కలదు. లోహముల ఆక్సైడులలో దానిని కన్నులార చూచినవా రున్నారు. నీ నోటుపుస్తకమున "ఎన్నడును లేదు" అను మాటను కొట్టివేసి, "చిన్నవై, తిరుగ వీలుండి, వరుసలు కుదిరినచో కలదు" అని వ్రాసికొనుము.

తక్కిన విద్యార్థులకు మా మనవి యొక్కటే. ఈ సంవత్సరము పటిక ప్రయోగము చేయునపుడు ఒక గ్లాసులో బుద్ధిపూర్వకముగా రెండు పలుకులను కట్టుడు. అవి కలిసినచోట గీతను భూతద్దముతో పరీక్షింపుడు. పిదప మీకు తోచిన ప్రశ్న నడుగుడు. ఈసారి మేము వెంటనే యుత్తరము చెప్పము. మీతో కూడ చూచి చెప్పుదుము.